బంతి మీద రాసిన సంవత్సరం

ఫోటో చూసి అది ఏ కాలం నాటిదో చెప్పడం నాకు అన్నం తిన్నంత తేలిక. తెనాలిలో షాపు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. పాత ఫోటోలు బాగుచేయడమే పని. చిరిగినవి అతకడం, చెదలు తిన్నవి నింపడం, లేనివాళ్ళని కలపడం, వెలిసిపోయినవాటికి రంగు తేవడం. వచ్చినవాళ్ళు "ఇది మా అమ్మమ్మ పెళ్ళికి ముందా తర్వాతా అండీ?" అని అడుగుతారు. నేను జాకెట్టు చేతుల పొడవు చూస్తాను, చేతి గడియారం పట్టీ చూస్తాను, ఫోటో అంచులు సాదాగా ఉన్నాయా వంకీలుగా కత్తిరించారా చూస్తాను, వెనక్కి తిప్పి కాగితం తడిమి చూస్తాను. చూస్తూ చూస్తూ పైకే గొణుక్కుంటాను, అది నాకున్న పాడు అలవాటు. చివరికి ఒక సంవత్సరం చెప్తాను. అది తప్పయిన సందర్భం నాకు గుర్తు లేదు. గొప్పకి చెప్పడం లేదు. ఆ నమ్మకమే నన్ను ఎనిమిది రోజులు ఎలా పీక్కుతిన్నదో చెప్పాలని ఈ సంగతి ముందుగా చెప్తున్నాను.

మొన్న వానలు వెనకబట్టాక ఆస్ట్రేలియా నుంచి ఒకావిడ నా వాట్సాప్‌కి మెసేజ్ పెట్టింది. మా షాపులో ఫోటో బాగుచేయించుకున్న బాపట్లవాళ్ళెవరో నా నంబరిచ్చారట. వాళ్ళ తాతగారు ఒకప్పుడు నేలల సంగతులు నేర్పడానికి బాపట్ల వచ్చి కొన్నేళ్ళు ఉన్నారట. సాయంత్రాలు ఊరికే కూర్చోలేక, వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ ఇక్కడి కుర్రాళ్ళకి నేర్పారట. ఇంట్లో పోగుపడ్డ ఆట ఫోటోలన్నీ ఏ ఏడాదివో, అందులో ఎవరెవరున్నారో తేల్చి వెనక రాసిపెడుతోంది ఆవిడ. తాత చిన్ననాటివి, తండ్రివి, మేనమామలవి అన్నీ అయిపోయాయి. బాపట్ల ఫోటో ఒక్కటే మిగిలింది, సాయం చేస్తారా అని అడిగింది. నాకు ఆటంటే తెలియదు కానీ ఫోటో అంటే తెలుసు. సరేనన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అప్పుడే ఊరుకోవాల్సింది.

ఫోటో పెద్దదిగా, స్పష్టంగా పంపింది. వెనక సరుగుడు తోట, కాళ్ళ కింద ఇసక. సూర్యలంక వైపని చూడగానే తెలిసింది. మూడు వరసల్లో మగవాళ్ళు. అందరికీ ఒకే గీతల చొక్కా, చేతుల్లేనిది, కింద పొట్టి నిక్కర్లు. కొందరికి బూట్లు, చాలామందికి ఉత్త కాళ్ళు. ముందు వరస మధ్యలో కూర్చున్న కెప్టెన్ ఒళ్ళో బంతి. అది గుండ్రంగా లేదు, పీచు తీయని కొబ్బరికాయలా రెండు కొసలూ సన్నంగా ఉంది. దాన్ని చేత్తో పట్టుకోవచ్చట, కాలితో తన్నొచ్చట, పక్కవాడి భుజం మీదికెక్కి గాల్లో అందుకోవచ్చట. ఇదేం ఆటమ్మా, కోతికొమ్మచ్చి నయం అని నవ్వుకున్నాను.

ఆ బంతి మీద తెల్ల రంగుతో సంవత్సరం రాసి ఉంది. వాళ్ళ దేశంలో అదొక ఆనవాయితీ అని ఆవిడే చెప్పింది. ఆటల కాలం ముగిశాక జట్టంతా ఫోటో దిగుతారు, కెప్టెన్ ఒళ్ళో ఉన్న బంతి మీద ఆ ఏడాది రాస్తారు. చొక్కా మెడ చూసి, బూటు చూసి కాలం అంచనా కట్టడమైతే వాదించుకోవచ్చు. బంతి మీద అంకె ఉంటే ఇక వాదన లేదు. నేను ఊరుకుంటానా? నిక్కర్ల పొడవు, చెవులు కప్పేలా పెంచిన జుట్టు, ఒకాయన కళ్ళజోడు ఫ్రేము, అన్నీ సరిచూశాను. అన్నీ ఆ అంకెకే సరిపోయాయి. "ఉప్పెన తర్వాతి ఏడాదే, సందేహం లేదు" అని పైకే అన్నాను. మా వైపు ఉప్పెన అంటే ఒకటే, దివిసీమ ఉప్పెన.

ఏడాది తేలింది కాబట్టి మొహాలు పెద్దవి చేసి ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాను. వెనక వరసలో కుడి చివరికి వచ్చేసరికి మౌసు మీద నా చెయ్యి ఆగిపోయింది. అక్కడ మా నాన్న ఉన్నాడు.

మా నాన్నని నేనెరగను. నేను పుట్టి తొమ్మిదో నెల నడుస్తుండగా ఉప్పెన వచ్చింది. అప్పుడు మా కాపురం రేపల్లెలో. నాన్నకి బాపట్లలో ఉద్యోగం, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. అక్కడ ఏదో బంతాట ఆడతాడని అమ్మ చెప్పేది. ఆ రోజు సముద్రం వైపున్న పొలం చూసొస్తానని సైకిలెక్కి వెళ్ళాడు. మనిషీ దొరకలేదు, సైకిలూ దొరకలేదు. దర్భలతో బొమ్మ కట్టి దహనం చేశారు. ఇరవై రెండేళ్ళ అమ్మకి బొట్టు చెరిపారు, గాజులు తీశారు. అప్పటినుంచీ ఏటా ఆ రోజున పెద్దలకి పెట్టుకుంటూనే ఉన్నాం. మా ముందుగది గోడ మీద నాన్న ఫోటో, అద్దం మీద కుంకుమ బొట్టు. ఆయన ఫోటో అదొక్కటే మాకుంది. కుడి కనుబొమ్మ మధ్య వెంట్రుకలు మొలవని చిన్న గీత, కొంచెం బయటికి తిరిగిన ఎడమ చెవి, అన్నీ నాకు కంఠతా వచ్చు. కంప్యూటర్ మీద అదే గీత, అదే చెవి. ఉప్పెనలో పోయిన మనిషి, ఉప్పెన తర్వాత దిగిన ఫోటోలో నవ్వుతున్నాడు.

దేవుడా! పోలేదన్నమాట. పారిపోయాడన్నమాట. ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోతే ఒక మనిషి గురించి ఎవరు వెతుకుతారు, సందు చూసుకుని జారుకున్నాడన్నమాట. రేపల్లెకి బాపట్ల ఎంత దూరం? ఒక పూట ప్రయాణం. అంత దగ్గర్లో ఉండి బంతులు తన్నుకుంటూ ఫోటోలు దిగాడా? ఇంకొకావిణ్ణి చేసుకున్నాడా? పిల్లలున్నారా? ఇప్పుడు డెబ్బై అయిదు దాటి, కర్ర పట్టుకుని ఎక్కడైనా తిరుగుతున్నాడా? ఎప్పుడైనా నా షాపుకే వచ్చి ఫోటో ఇచ్చి వెళ్ళాడా? అయితే నా భయం ఆయన గురించి కాదు. అమ్మకి డెబ్బై దాటింది. బతికున్న మొగుడికి ఇన్నేళ్ళూ పిండం పెట్టావమ్మా, నీ బొట్టు ఊరికే చెరిపారమ్మా అని ఏ నోటితో చెప్పను? చెప్తే ఆవిడ బతుకుతుందా?

వెనక బల్ల మీద క్యారియర్ పెట్టిన చప్పుడైంది. ఉలిక్కిపడి స్క్రీన్ ఆర్పేశాను. ఒంటిగంటకి అమ్మ అన్నం తెస్తుంది, అది రోజూ ఉన్నదే.

"ఏంటే, అలా చెమటలు పట్టాయి?" అంది.

"ఏం లేదమ్మా, ఉక్కగా ఉంది."

"ఫ్యాను తిరుగుతూనే ఉందిగా" అంది.

"ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే" అని క్యారియర్ గిన్నెలు విప్పింది. ఆవిడ మొహం మామూలుగానే ఉంది. హమ్మయ్య, చూడలేదనుకున్నాను. ఆ పూట తిన్నది పప్పో పులుసో కూడా నాకు తెలియదు.

ఆస్ట్రేలియా ఆవిడ ఎవరినైనా గుర్తుపట్టారా అని అడిగింది. లేదని రాశాను. తర్వాత కోడిగుడ్డు మీద ఈకలు పీకడం మొదలుపెట్టాను. బంతి మీద అంకె తప్పు పడి ఉండొచ్చు కదా? ఎవరైనా తర్వాత రాసి ఉండొచ్చు కదా? పాపం ఆవిడ ఓపిగ్గా జవాబిచ్చింది. ఆ అంకెల రాత వాళ్ళ తాతదేనట, ఆయన ఉత్తరాలతో పోల్చి చూసిందట. ఆ ఫోటో దిగిన నెలలోనే ఆయన సామాను సర్దుకుని విమానమెక్కారట. నేను ఒక్కో సందేహం వెయ్యడం, ఆవిడ ఒక్కోటీ తీర్చడం. ఎవరికైనా నేను ఇలా తేల్చి చెప్తే ఎంత మురిసిపోయేదాన్నో.

మూడో రోజు పొద్దున ముందుగదిలోకి వచ్చి గోడ వైపు చూశాను. నాన్న ఫోటో అద్దం మీద బొట్టు లేదు.

"అమ్మా, బొట్టేదీ?"

"అద్దం తుడిచాను. పెడతాలే" అంది వంటింట్లోంచి.

పెట్టలేదు. ఆ రోజు పెట్టలేదు, మర్నాడూ పెట్టలేదు. జ్వరం వచ్చి లేవలేని రోజుల్లో కూడా గోడ పట్టుకుని వెళ్ళి బొట్టు పెట్టొచ్చిన మనిషి. అప్పుడు నాకర్థమైంది. చూసింది. నా వెనక నిలబడి అంతా చూసింది. ఇంట్లో ఉండేది అమ్మా నేనూ ఇద్దరమే. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం నోరు విప్పం. అడుగుదామని దగ్గరికి వెళ్ళడం, కూర బాగుందనో కుళాయి వచ్చిందనో చెప్పి తిరిగి రావడం. కుడితిలో పడ్డ ఎలకలా అయింది నా పని.

అంతకన్నా భయం ఆవిడ తీరు చూస్తే. అన్నం రెండోసారి వడ్డించుకుంది. తల నున్నగా దువ్వుకుంది. బీరువా అడుగునుంచి నీలం చీర తీసి ఎండలో ఆరేసింది. అయిదో రోజు గిన్నెలు సర్దుతూ కూనిరాగం తీసింది. అమ్మ గొంతులో రాగం విన్నది నా జన్మలో అదే మొదలు. మతి చలించిందనుకున్నాను. మనిషి మరీ ప్రశాంతంగా ఉంటే ఏదో నిర్ణయించుకున్నట్టేనని ఎక్కడో విన్న మాట బుర్రలో తొలుస్తోంది. ఆవిడ బీపీ మాత్రల సీసా నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను, పూటకొకటి నేనే ఇచ్చాను. డాబా తలుపుకి తాళం పెట్టాను. షాపు నుంచి గంటకోసారి ఫోన్ చేశాను.

"ఏంటే మాటిమాటికీ? నేనేం పారిపోతానా?" అంది అమ్మ.

పారిపోవడం అన్న మాటకి నేను ఉలిక్కిపడ్డాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఆవిడ ఫోన్ పెట్టేయబోతూ "అమ్మాయ్, బాపట్లకి రైలు ఎన్నింటికే?" అని అడిగింది. కనుక్కుని చెప్తానన్నాను. అమ్మ వెళ్ళేలోపు నేనే వెళ్ళాలనుకుని, గిరాకీ పని ఉందని అబద్ధమాడి మర్నాడు బాపట్ల బయల్దేరాను.

కెప్టెన్ ఉండే వీధి ఆస్ట్రేలియా ఆవిడే, నా నంబరిచ్చిన బాపట్లవాళ్ళని అడిగి కనుక్కుని చెప్పింది. బాపట్ల స్టేషన్లో దిగిన దగ్గర్నుంచీ ఎదురొచ్చిన ప్రతి ముసలాయన కనుబొమ్మలూ చూస్తూ నడిచాను. ఒకాయన కుడి కనుబొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండకి చూస్తుంటే, చెయ్యి తీసేదాకా రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. చెయ్యి తీశాడు. ఎవరో.

కెప్టెన్ గారు వరండాలో మడతకుర్చీలో ఉన్నారు. ప్రింటు తీసి తెచ్చిన ఫోటో ఇస్తే చేత్తో తడిమి నాకే ఇచ్చేశారు. "చూపు ఆనదు తల్లీ, నువ్వే చెప్పు ఎవరెక్కడున్నారో" అన్నారు.

"వెనక వరసలో కుడి చివర ఎవరండీ, బాబాయిగారూ?"

"ఆ చివరా? రేపల్లె అబ్బాయి. బంతి ఎంత ఎత్తునున్నా వదిలేవాడు కాదు."

"ఈ ఫోటో ఉప్పెనకి ముందా అండీ, తర్వాతా?"

"తర్వాతేనమ్మా. దొరగారు వెళ్ళిపోతున్నారని దిగాం."

"అందులో ఆయన ఉన్నాడాండీ?"

"ఎందుకు లేడు? వాడు లేకుండా నాకీ ఫోటోనే వద్దన్నాను" అన్నారు, గొంతు కొంచెం పెంచి.

మరి ఇప్పుడు ఎక్కడున్నాడండీ అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేకపోయాను. అడిగితే చెప్పేస్తారని భయం. ఫలానా వీధిలో అంటే ఆ వీధికి వెళ్ళాలి, తలుపు కొట్టాలి, తలుపు తీసినవాళ్ళకి నేనెవరో చెప్పాలి. "నువ్వెవరి అమ్మాయివి తల్లీ?" అని అడిగారాయన. "ఫోటోల షాపు నుంచండి" అన్నాను. తండ్రి ఎవరో చెప్పుకోలేని దాన్నయిపోయానని తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

రెండు రోజుల తర్వాత ఆస్ట్రేలియా ఆవిడ ఫోటో వెనకవైపు కూడా పంపింది. మూలన మాసిపోయిన రబ్బరు ముద్ర ఉంది, చదవడం కుదురుతుందా అంది. కుదిరింది. రేపల్లెలోని ఒక స్టూడియో ముద్ర. సూర్యలంక ఇసకలో దిగిన ఫోటోకి రేపల్లె ముద్ర ఏంటి? బాపట్లలో స్టూడియోలు లేవా? ఇది ఎనిమిదో రోజు. అమ్మ అప్పటికే నీలం చీర ఇస్త్రీకిచ్చింది. నేను షాపు మూసి రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. అక్కడ ఆయన అడ్రసు దొరుకుతుందనే నా భయమంతా.

స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆ స్టూడియో నడిపిన మాస్టారు మేడ మీద గదిలో ఉంటారని చెప్పారు. ఎనభై దాటినా చెయ్యి వణకని మనిషి. ఫోటో దీపం కింద పెట్టి, భూతద్దం తెచ్చి చూశారు. చూసి నవ్వారు.

"ఇది నా చేతిపనేనమ్మా" అన్నారు.

"మీరు తీసిన ఫోటోనా అండీ?"

"తీసింది నేను కాదు, అతికింది నేను. అందరికీ ఎండ ఎటు పడిందో చూడు. ఎడం చెంప మీద. ఈ చివరి అబ్బాయికి?"

కుడి చెంప మీద.

నా మొహం మీద ఎవరో చన్నీళ్ళు కొట్టినట్టయింది. ఉప్పెనలో పోయిన ఆటగాడి కోసం కుర్రాళ్ళు అంతకు ముందు ఏటి జట్టు ఫోటో పట్టుకుని ఈయన దగ్గరికి వచ్చారట. వరస చివర చోటు ఖాళీగా ఉంచుకుని మరీ దిగారట. చుట్టుపక్కల ఈ పని తెలిసింది ఈయనొక్కరికేనట. బ్లేడుతో నాన్నని కోసి, ఆ ఖాళీలో అతికి, కుంచెతో అంచులు కలిపి, మళ్ళీ ఫోటో తీసి ఇచ్చారట. నేను ఆ అబ్బాయి కూతుర్నని చెప్పాను. "మీ ఇంటికో కాపీ ఇవ్వబోతే పెద్దవాళ్ళు వద్దన్నారమ్మా. పచ్చి పుండు మీద కారమెందుకన్నారు" అన్నారు మాస్టారు.

సిగ్గుతో చచ్చిపోయాను. నేను చేసే పని అదే! తండ్రి లేని పెళ్ళికూతురి పక్కన తండ్రిని నిలబెట్టేదాన్ని, అమ్మమ్మ ఒళ్ళో ఆవిడ పోయాక పుట్టిన మనవణ్ణి కూర్చోబెట్టేదాన్ని. ఎండ ఎటు పడిందన్నది నేను మొట్టమొదట చూడాల్సింది. నాన్న మొహం కనపడగానే భయంతో కళ్ళు మూసుకుపోయాయి, బంతి మీద అంకె తప్ప ఇంకేదీ చూడలేదు. కెప్టెన్ గారు చెప్పిన మాట కూడా ఇప్పుడు అర్థమైంది. మాస్టారి కాళ్ళకి దండం పెట్టి స్టేషన్‌కి దాదాపు పరిగెత్తాను.

రైలు తెనాలి చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను. ఎదుటి సీటు ఆవిడ నన్ను అదోలా చూసింది. చూస్తే చూడనీ. నాన్న మోసం చెయ్యలేదు. అమ్మ బతుకు అబద్ధం కాదు. ఈ మాట చెప్పి ఆవిడ గుండెల మీద బండ దింపాలి, అంతే.

అమ్మ వరండాలో కూర్చుని గోంగూర వలుస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా ఆవిడ పక్కన కూలబడ్డాను.

"అమ్మా, నాకు తెలుసు నువ్వు ఆ ఫోటో చూశావని. విను. నాన్న మనల్ని వదిలేసి పోలేదు. అది అతికించిన ఫోటో. అతికినాయన్నే కలిసొస్తున్నాను. నాన్న ఉప్పెనలోనే పోయాడమ్మా."

అమ్మ చేతులు ఆగాయి.

"ఖాయమేనా?" అంది.

"నూటికి నూరుపాళ్ళు."

"ఆ రోజు కూడా అలాగే అన్నావు. ఉప్పెన తర్వాతి ఏడాదే, సందేహం లేదని. నీ వెనకాలే నిలబడ్డాను. నువ్వెప్పుడూ తప్పు చెప్పవు కదా అనుకున్నాను."

"తప్పు చెప్పానమ్మా. ఇందుకు సంతోషించాలి. ఆయన మోసం చెయ్యలేదు కదా."

"మోసం చేస్తే చేశాడే!" అమ్మ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "ఎవరినో కట్టుకుంటే కట్టుకున్నాడు. ఎక్కడో ఒకచోట, ఎవరి చేతి అన్నమో తింటున్నాడనుకున్నాను. ఆ నీళ్ళల్లో ఊపిరాడక పోలేదనుకున్నాను. ఒక్కసారి దూరం నుంచి చూసి వచ్చేద్దామనుకున్నాను. ఎనిమిది రోజులు బతికాడే మీ నాన్న."

అమ్మ ఒళ్ళోని గోంగూర నేల మీదికి జారిపోయింది. రెండు చేతులతో తల కొట్టుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. ఏటా పెద్దలకి పెట్టే రోజున కళ్ళొత్తుకునే ఏడుపు కాదది. కబురు ఇప్పుడే వచ్చిన మనిషి ఏడుపు. పట్టుకుంటే నన్ను తోసేసింది. పొద్దువాలినా లేవలేదు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

ఏడుపు విని పక్కింటి పిన్నిగారు కంగారుగా పరిగెత్తుకొచ్చింది. గేటు దగ్గరే ఆగి, "అయ్యో, ఏమైందమ్మా? ఎవరు పోయారు?" అని అడిగింది.

"మా నాన్నగారండి" అన్నాను.